ఒకే యింటి కాపురము



పులివెందుల అను పేరు ‘పులిమందల’ అను మాటనుండి వచ్చినదని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. పులి మందకట్టి తిరుగు మృగము కాదు గనుక ఆ మాటను అక్షరాల నమ్మ బనిలేదు. అయినను ఒకనాటి అడవి జ్ఞాపకము ఆ పేరులో మిగిలియున్నది. నేడా ఊరి చుట్టుపట్ల చీనీతోటలును, అరటితోటలును, వేరుసెనగ చేలును కనబడును గాని పులి కనబడదు. పులికి జింక కావలెను. జింకకు గడ్డి కావలెను. గడ్డికి వాననీరు నిలుపుకొను నేల కావలెను. ఈ గొలుసులో ఏ లంకె తెగినను పులికి బ్రతుకు లేదు. వేటాడు మృగము లేనిచోట అడవిపందికి భయము తగ్గును. ఆ పంది రాత్రివేళ సెనగచేనిలో దిగి కాయలు పెల్లగించుకొని తినును. పులి పోయినందువలని నష్టము ఈ విధముగ రైతు గాదెవరకు వచ్చుచున్నది.

ప్రాణులకును వాటి పరిసరములకును గల ఈ సంబంధమును విచారించు శాస్త్రమునకు 1866వ సంవత్సరమున ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను పండితుడు పేరు పెట్టెను. ఆ పేరులో గ్రీకుభాషలో ‘ఇల్లు’ అను అర్థముగల మాట యున్నది. మనము దానిని జీవావరణశాస్త్రమందుము. ఉమ్మడి కుటుంబములో ఒకరి తిండి, ఒకరి పని, ఒకరి జబ్బు తక్కినవారికి తగులకుండ నుండదు గదా! ప్రకృతియు నట్టి యిల్లే.

ఈ యింటికి పునాది నేలయు నీరును. గండికోట కొండలను చీల్చుకొని వచ్చు పెన్న జమ్మలమడుగును, ప్రొద్దుటూరును తాకుచు పారును. ఆ ప్రక్కల చాల చోట్ల నల్లరేగడి గలదు. అది తేమను చిరకాలము పట్టియుంచును గనుక చలికాలమున వాన లేకున్నను ప్రత్తియు, సెనగయు పండును. పులివెందుల వైపు ఎఱ్ఱనేలలును గలవు. అవి నీటిని త్వరగా విడిచివేయును. అందువలన అచ్చటి మెట్టరైతు తొలకరి వానకై ఆకాశమువంక చూచుచుండును. అతడు నమ్ముకొన్న పైరు వేరుసెనగ.

వేరుసెనగ మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి వచ్చినది. అయినను ఇచ్చటి యింటిలో చక్కగ కలిసిపోయినది. మొక్కను పెరికి చూడుడు: వేళ్లకు చిన్న చిన్న బొడిపెలుండును. వానిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగ మార్చి యిచ్చును. బదులుగ మొక్క వానికి చక్కెర పెట్టును. ఇది ఇరువురికిని లాభమైన పొత్తు.

కాని అన్ని పొత్తులు నిట్లుండవు. తొలకరి వాన నేలలోనికి దిగగానే, విత్తనముతోపాటు మరియొకటి మేలుకొనును. అది ఎఱ్ఱ గొంగళిపురుగునకు తల్లియగు రెక్కలపురుగు. అది సందెవేళ నేల వెడలి, ఆకులపై వందలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు మొదట ఆకు అడుగున గుంపుగ చేరి గీరి తినును. పెరిగినపిమ్మట ఒక చేను ముగించి దండువలె ప్రక్క చేనికి నడచును. నెలదాటిన తరువాత నేలలోనికి దిగి, ముదురు గోధుమరంగు గింజవలె ముడుచుకొని, మరుసటి యేటి వానవరకు నిద్రించును. ఆ పురుగును రైతును ఒకే వానకై ఎదురుచూచుచున్నారన్నమాట!

దీనిని మ్రింగువా రెవరు? ఒడలినిండ వెండ్రుకలున్న పురుగును చాల పక్షులు ముట్టవు. చాతకము మాత్రము ఇష్టముగ తినును. ఆ పక్షి వానచినుకులనే త్రాగునని కవులు చెప్పిరి. వానతో దానికి చుట్టరికమున్న మాట నిజమే. వాన తెచ్చు గొంగళిపురుగులు దాని విందు. నేలలో నిద్రించు పురుగును బయటికి తీయునది వేసవి దుక్కి. నాగలి వెంట నడచు కొంగలు, గోరింకలు, కాకులు దానిని ఏరుకొని తినును. మిగిలినది ఎండకు మాడును. ఇవిగాక, పురుగులయందే గ్రుడ్లు పెట్టి వానిని చంపు చిన్న కందిరీగలు గలవు.

ఇచ్చట ఒక చిక్కున్నది. నిద్రకు దిగు పురుగులు గట్లమీది చెట్ల నీడనే హెచ్చుగ చేరును. అట్లయిన చెట్టు నరికివేయుదుమా? నరికినచో కాకికిని గోరింకకును గూడుండదు. గట్టు మన్ను వానకు కొట్టుకొనిపోవును. చెట్టు నుంచి, దాని క్రింది మన్నును త్రవ్వి పురుగును ఏరివేయుటయే మేలు. తొలి వానలు పడిన రాత్రులలో చేని యొద్ద మంటలు వేసిన రెక్కలపురుగులు వెలుగునకు వచ్చి కాలిపోవును. దండు కదలినపుడు చేని చుట్టును కాలువ త్రవ్విన అవి దాటలేవు. ఈ పనులు ఒక్క రైతు చేసిన చాలదు. ప్రక్క చేనివాడు ఊరకున్నచో దండు అటనుండి వచ్చును. ఊరంతయు కలసి చేయవలెను.

పురుగుమందు వాడరాదా యని మీరడుగవచ్చును. పంట చేయి జారు సమయమున అదియు కావలసివచ్చును. కాని ఆలస్యముగ చల్లినచో, పెరిగిన పురుగు చావక పోవచ్చును, దానిని చంపు కందిరీగ మాత్రము చచ్చును. అప్పుడు మరుసటి యేడు శత్రువు మిగులును, మిత్రుడు మిగులడు. అప్పు చేసి మందు కొన్న రైతునకు ఇది రెండింతల నష్టము.

కావున చేను మన సొత్తే యైనను, అందు మనమొక్కరమే కాపురము లేమని తెలిసికొనవలెను. చాతకము, కందిరీగ, వేరుబొడిపెలోని సూక్ష్మజీవి, గట్టుమీది చింతచెట్టు మనకు కూలి యడుగక పనిచేయుచున్నవి. పులిని పోగొట్టుకొన్న ఊరికి పేరైనను మిగిలినది. ఈ చిన్న ప్రాణులు పోయినచో తలచుకొనుటకు పేరైనను మిగులదు. రాబోవు తొలకరికి ముందు, వేసవి దుక్కి దున్నునపుడు, నాగలి వెనుకకు ఒకసారి తిరిగి చూడుడు. అచ్చట వ్రాలిన పక్షులే మీ పంటకు తొలి కావలివారు.