వారసత్వ సంపద: దాయ విభాగ వివేచనము

వారసత్వ మను మాట నేడు పత్రికలయందును ప్రభుత్వ ప్రకటనలయందును విరివిగా వినబడుచున్నది. అరబ్బీ 'వారిస్' శబ్దము పారసీకము ద్వారా మన వ్యవహారములోనికి వచ్చి 'వారసుడు'గా స్థిరపడగా, దానిపై సంస్కృత ప్రత్యయము చేరి ఈ రూప మేర్పడినది. ధర్మశాస్త్ర గ్రంథములయందు ఈ యర్థమున ప్రసిద్ధమైనది 'దాయము'. దాయమునందు పాలుగలవాడు దాయాది. ఈ పదము లోకమున పగవానికి పర్యాయ మగుట గమనింపదగినది. ఆస్తి యున్నచోట తగవు తప్పదని మన పెద్దల యనుభవము కాబోలు!

అర్థవిచారమునకు దాయశబ్దమే యెక్కువ యుపకరించును. విజ్ఞానేశ్వరుని మితాక్షర దాయమును అప్రతిబంధమనియు సప్రతిబంధమనియు రెండుగా విభజించినది. పితృపితామహుల ధనమునందు పుత్రునకు పుట్టుకతోనే స్వత్వము కలుగును, ఇది అప్రతిబంధము. సంతానహీనుని ధనము అతని యనంతరమే సోదరాదులకు సంక్రమించును, ఇది సప్రతిబంధము. ఈ శాస్త్రమును 13వ శతాబ్దమున కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించెను. తాతతండ్రుల స్థావరమును చేతనున్నవాడు తన యిచ్చవచ్చినట్లు విక్రయింపరాదనియు, పుట్టబోవువారికిని అందు జీవనాధారము కలదనియు మితాక్షర మతము. ఒక జాతికి సంక్రమించిన సంపదను ఈ మొదటి తెగలో చేర్చుటయే యుక్తమని నా యభిప్రాయము.

ఇక ఆధునిక విభాగము. యునెస్కో 1972లో ఆమోదించిన ప్రపంచ వారసత్వ ఒడంబడిక సంపదను సాంస్కృతికము, ప్రాకృతికము అని రెండుగా విభజించినది. కట్టడములు, భవన సముదాయములు, స్థలములు మొదటి తెగ. భూరూపములు, శిలానిర్మాణములు, జీవజాతుల నెలవులు రెండవది. భారతదేశము ఇందు 1977లో చేరినది. ఈ రెండు లక్షణములును గల మిశ్రస్థలముగా మన దేశమునుండి జాబితా కెక్కినది సిక్కిములోని కాంచనగంగ జాతీయోద్యానము, అదియు 2016లో. ఆటపాటలు, మౌఖిక విద్యలు మున్నగు అమూర్త సంపదకు 2003లో గాని ప్రత్యేకమైన ఒడంబడిక ఏర్పడలేదు.

ఏది యే తెగకు చెందినదో నిర్ణయింపనిచో దాని నెట్లు కాపాడవలెనో తెలియదు. ఇందుకు నాగార్జునకొండ మంచి నిదర్శనము. 1926లో రంగస్వామి సరస్వతి గుర్తించిన ఈ లోయ ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ మునుగనున్నందున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యవమున విస్తృతమైన త్రవ్వకములు సాగినవి. పాతరాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు ఎన్నియో బయల్పడినవి. తొమ్మిది కట్టడములను విప్పి కొండపై మరల నిలిపిరి. 14 కట్టడములకు పెద్ద నమూనాలు చేసిరి. ఈ విధముగా స్థావరము జంగమమైనది! పొలములకు నీరు కావలసిన దేశమున ఆ నిర్ణయమును తప్పుపట్టుట సులభము కాదు. పురావస్తు శాఖవారి శ్రమయు అసామాన్యము. అయినను ఏ విహారము నది కెంత దూరమున నుండెనో, భిక్షువు పట్టణమునకు ఏ దారిన నడిచెనో కొండపైని రాళ్ల వరుస చెప్పజాలదు. త్రవ్వకముల పటములే చెప్పవలెను. దక్కినవి కట్టడములు, దక్కనిది స్థలము. ఒడంబడికలో ఈ రెండును వేర్వేరు పదము లగుటకు కారణ మిదియే.

అమూర్త సంపద విషయమున ఇట్టి నష్టము కంటి కగపడదు. తాళ్లపాక కవుల సంకీర్తనములు తిరుమల భాండారమున రాగిరేకులపై వేలకొలదిగా నిలిచినవి. రేకులపై రాగముల పేళ్లు కలవు, స్వరములు లేవు. రేకు జంగమ సంపద, పాట అమూర్త సంపద. మొదటిది చెక్కుచెదరకున్నను రెండవది తెగిపోవచ్చును. నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు 20వ శతాబ్దమున కూర్చినవి. అవి మధురములే, అన్నమయ్య పాడిన వరుస లివియే యని మాత్రము చెప్పరాదు. సాహిత్య పరిశోధకులు ఈ భేదమును తరచుగా విస్మరించుచున్నారు.

ప్రాకృతిక సంపదకు ఈపాటి యుపాయము కూడ లేదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలు, సముద్రమట్టము హెచ్చుతగ్గులైన యుగములలో పోగుపడిన యిసుక. అందలి యినుము ప్రాణవాయువుతో కలిసి ఎర్రబారగా, వాననీరు వానిని లోతుగా కోసి గండ్లు చేసినది. చదును చేసిన దిబ్బను మరల పేర్చుట యెవరి తరము? 2025లో ఈ దిబ్బలును, తిరుమల కొండలును యునెస్కో తాత్కాలిక జాబితాలో ప్రాకృతిక విభాగమున చేర్పబడినవి. శిలాతోరణాదులు గల తిరుమల విషయమున ఆ చేర్పు కొండల ప్రాకృతిక విశేషములకే గాని కోవెలకును, రాగిరేకులకును, పాటకును వర్తింపదు. వాని నిమిత్తము వేరు పట్టికలను, వేరు రక్షణోపాయములను చూడవలసియున్నది.