కిలికికి నడిమికాలం ఉంటే

మా కొల్లూరు లంకల్లో కాసేవి అరటిపళ్ళు. అవే హైదరాబాదు చేరితే అరటిపండ్లు. అక్కడ చదువుకునే పిల్లలు సెలవులకొచ్చి ‘పండ్లు’ అంటే ఇక్కడి పెద్దలు నవ్వుతారు. నిజానికి పాత రూపం పిల్లల నోట్లోనే ఉంది. పండుకు ‘లు’ చేరితే పండ్లు. ఆ ‘ండ్లు’ నలిగి నలిగి మన దగ్గర ‘ళ్ళు’ అయింది.

భాషకు మధ్యయుగం అంటే ఈ నలుగుడు సాగిన కాలమే. తమిళంలో మరం, మన పద్యాల్లో మ్రాను, మన నోట మాను. నడుమనున్న మ్రాను తెలియకపోతే మరానికీ మానుకూ చుట్టరికం కలపడం కష్టం. క్రొత్త, ప్రాత, త్రాగు, గ్రుడ్డు కూడా అలాగే ‘ర’ జార్చుకుని కొత్త, పాత, తాగు, గుడ్డు అయ్యాయి.

మరి ఎవరో కూర్చుని అల్లిన భాష సంగతి? 2015లో వచ్చిన ‘బాహుబలి’లో కాలకేయులు మాట్లాడిన కిలికిని తమిళ సినీ రచయిత మదన్ కార్కీ తయారుచేశారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో మొదలైంది. అందులో ‘నేను’ అంటే మిన్, ‘నువ్వు’ అంటే నిమ్. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. ఉపాయం బాగుంది, వినగానే గుర్తుంటుంది. కానీ వందల ఏళ్ళు జనం నోట నానిన భాషలో ఇంత తీరైన జంట మిగలడం అరుదు. కిలికి నిన్న నేసిన చాప. ఎక్కడా కూర్చున్న గుర్తు లేదు.

ఆ గుర్తులను కూడా కల్పించినవాడు ఇంగ్లండు రచయిత టోల్కీన్. ఆయన ఒక మూలభాషను ఊహించి, దాన్నుంచి క్వెన్యా, సిందరిన్ అనే రెండు శాఖలు సాగదీశాడు, నడుమ దశలతో సహా. క్వెన్యాలో మనిషి ‘అతన్’, మనుషులు ‘అతని’. సిందరిన్‌లో మనిషి ‘అదన్’, మనుషులు ‘ఎదైన్’. రెండచ్చుల నడుమ ‘త’ మెత్తబడి ‘ద’ అయింది. బహువచనం చివరి ‘ఇ’ తనకు ముందున్న అచ్చులను తనవైపు లాగి, ఆ తర్వాత తాను రాలిపోయింది. ఇక్కడ వరస ముఖ్యం. ‘ఇ’ ముందే రాలిపోయి ఉంటే లాగేవారే లేరు. ఎదైన్ పుట్టేది కాదు.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. గసడదవాదేశమని బళ్ళో బట్టీపట్టి, పరీక్ష రాసి మరిచిపోయాం కానీ, అతన్‌ను అదన్ చేసిన మెత్తదనం ఇదే. ‘కత్తి’కి ‘లు’ చేరితే కత్తులు: వెనకొచ్చిన ‘ఉ’ ముందున్న ‘ఇ’ని తనలా మార్చుకుంది.

అన్నిటికంటే నాకు ముచ్చటైన మాట ‘ఏడేళ్ళు’. అందులో రెండు ఏడులున్నాయి. అంకె ఏడు ఒకప్పటి ‘ఏఴు’. ఆ నడిమి అక్షరం తొలి తెలుగు శాసనాల్లో ఉండేది, తమిళంలో ఇప్పటికీ ఉంది. సంవత్సరమనే ఏడు ‘ఏఁడు’. ఆ అరసున్న ఒకనాటి నిండు సున్న నీడ. ఇప్పుడు రెండూ ఒకేలా పలుకుతాం. అయినా తెలంగాణలో ‘ఏడేండ్లు’ అన్నప్పుడు సున్న సంవత్సరం దగ్గరే బయటపడుతుంది, అంకె దగ్గర కాదు. ఏకవచనంలో పోయింది బహువచనంలో దాక్కుంది.

వ్యాకరణమూ ఇలాగే అరుగుతుంది. రాయలసీమలో వచ్చినాడు, మనకు వచ్చాడు, తెలంగాణలో వచ్చిండు. భాష చరిత్రకు తవ్వకాలే అక్కర్లేదు, బస్సెక్కినా చాలు.

లిపి మాట వేరు. మాకు దగ్గరలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయటపడిన శాసనాల్లో హల్లుకు పుట్టుకతో ‘అ’ ఉండదు, దానికి వేరే గుర్తు పెట్టాలి. లిపి అంత ప్రత్యేకం, భాష మాత్రం ప్రాకృతం. కొత్త భాష చేద్దామనుకునే కుర్రవాళ్ళు చాలామంది అందమైన అక్షరాలు గీసుకుని అక్కడే ఆగిపోతారు. అది సున్నం వేసి ఇల్లు కట్టాననుకోవడం.

కిలికికి ఒక మధ్యయుగం కల్పించి చూద్దాం. ఇది నా ఆట. కార్కీకి సంబంధం లేదు. మాట చివరి న్, మ్ ముందు అరసున్నగా పలచబడి, తర్వాత రాలిపోతాయని ఒక సూత్రం పెట్టుకుందాం. మిన్, మిఁ, మి. నిమ్, నిఁ, ని. తిరగేస్తే వచ్చే జంట చెదిరింది. ఇప్పుడు ‘నాది, నీది’ చెప్పడానికి ‘అ’ అనే ప్రత్యయం ఉందనుకుందాం. అచ్చు చేరితే హల్లు చివర ఉండదు గనుక రాలదు: నాది ‘మిన’, నీది ‘నిమ’. వెయ్యేళ్ళ తర్వాతి కాలకేయుల పిల్లవాడికి తెలిసినవి మి, ని మాత్రమే. ఒకదానికి ‘న’, ఇంకోదానికి ‘మ’ ఎందుకు చేరుతుందని వాడు పంతుల్ని అడుగుతాడు. మన పిల్లలు ‘ఇల్లు’కు బహువచనం ఇల్లులు ఎందుకు కాదని అడిగినట్టే.

ఈ సెలవుల్లో ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి. ముందు ఏ ధ్వని ఎప్పుడు మారుతుందో వరసగా కాగితం మీద రాసుకోండి. మాటలు ఆ తర్వాత.