అర సెకను ఆలస్యం

నా సొంత లాప్‌టాప్‌లో డెబియన్ 'సిడ్' నడుస్తుంది. ఆఫీసు సర్వర్లలో మాత్రం 'స్టేబుల్' తప్ప ఇంకోటి పెట్టనివ్వను. వేల ప్రోగ్రాముల్ని ప్యాకేజీలుగా కూర్చి ఒక్కటిగా అందించే లినక్స్ వ్యవస్థ డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టారు. దాని విడుదలలకు 'టాయ్ స్టోరీ' పాత్రల పేర్లు పెడతారు. ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు సిడ్. రోజూ మారుతూ, ఎన్నటికీ విడుదల కాని భాగానికి వాడి పేరే తగింది.

కొత్త వెర్షన్ ఏదైనా ముందు సిడ్‌లోకే వస్తుంది. మామూలుగా కొద్ది రోజులు అక్కడే ఆగాలి. పాతదాంట్లో లేని పెద్ద బగ్ కొత్తదాంట్లో ఉందని ఎవరైనా నమోదు చేసినా, దాన్ని నమ్ముకున్న ఇంకో ప్యాకేజీ చెడిపోయేలా ఉన్నా, ముందుకు కదలదు. ఇవన్నీ సరిచూసే ప్రోగ్రాం పేరు బ్రిట్నీ. అది ఒప్పుకుంటే 'టెస్టింగ్'లోకి, సుమారు రెండేళ్లకోసారి అక్కణ్ణించి స్టేబుల్‌లోకి.

చాలా ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ ఒకటి మారితే దానిమీద ఆధారపడినవన్నీ మళ్లీ బిల్డ్ చేసి, కలిపి దాటించాలి. 2038 జనవరి తర్వాత 32 బిట్ యంత్రాల్లో కాలం లెక్క తప్పకూడదని 2024లో చేసిన మార్పు ఇలాగే వేల ప్యాకేజీల్ని కదిలించింది. ఆ వారాల్లో అప్‌గ్రేడ్ అడిగితే, సగం డెస్క్‌టాప్ తీసేస్తానంటూ జాబితా వచ్చేది. వద్దని కొట్టి, మర్నాడు మళ్లీ చూసేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్స్‌జడ్ సంగతి బయటపడింది. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీలో, నిర్వాహకుడిగా నమ్మకం సంపాదించిన ఒకరు దొంగదారి పెట్టారు. బ్రిట్నీ పట్టలేదు. అది టెస్టింగ్‌దాకా వెళ్లిపోయింది. సిడ్ మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగం కొలుస్తున్న ఆండ్రెస్ ఫ్రోయిండ్‌కు, దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందని కనిపించింది. వదిలేయకుండా తవ్వి, కారణం ఆ దొంగదారేనని కనిపెట్టి, మార్చి 29న లోకానికి చెప్పారు. స్టేబుల్‌కు అది చేరలేదు. పాత కోడ్‌ను వెంటనే వెనక్కి తెచ్చారు. వెర్షన్ అంకె తగ్గకూడదు గనుక, 5.6.1 పక్కనే 'నిజానికి 5.4.5' అని అర్థమొచ్చేలా పేరు పెట్టారు.

యంత్రం చూసేది చూడమని చెప్పినవాటినే. మిగతాదానికి రోజూ వాడే మనిషి కావాలి. నేను సిడ్ వాడేది అందుకే. ప్రోగ్రాం ఆగిపోతేనే కాదు, నెమ్మదించినా రిపోర్ట్ రాస్తాను: ఏ వెర్షన్, ఏం చేస్తే వచ్చింది, ముందటి వెర్షన్‌లో ఎంతసేపు పట్టేది.