మీకు తెలుసా? ఈ నవలలు వీడియో గేముల్లోంచి పుట్టాయి!

నవల సినిమాగా మారడం పాత ముచ్చటే. సైనిక థ్రిల్లర్లలో మాత్రం కొన్నిసార్లు ముందు ఆట వస్తుంది, ఆ తర్వాతే పుస్తకం.

యూబీసాఫ్ట్ 2002లో విడుదల చేసిన ‘స్ప్లింటర్ సెల్’నే తీసుకోండి. చీకట్లో మూడు ఆకుపచ్చ దీపాల కళ్లద్దాలతో నక్కి నక్కి నడిచే అమెరికన్ గూఢచారి శామ్ ఫిషర్ అందులో హీరో. 2004లో అదే పేరుతో నవల వచ్చింది. అట్ట మీద థ్రిల్లర్ రచయిత టామ్ క్లాన్సీ పేరు పెద్దగా కనిపించినా రాసింది ఆయన కాదు. రచయితగా వేసిన ‘డేవిడ్ మైఖేల్స్’ కూడా మారుపేరే! ఈ వరుసలో మొదటి రెండు నవలలు రాసినది రేమండ్ బెన్సన్. అంతకుముందు జేమ్స్ బాండ్ నవలలు రాసిన చెయ్యి అది. తర్వాతి కొన్ని పుస్తకాలను వేరే రచయితలు అదే మారుపేరుతో రాశారు.

క్లాన్సీ సొంత నవల ‘రెయిన్‌బో సిక్స్’ది మరో దారి. 1998లో నవల, గేమ్ రెండూ కొద్ది వారాల తేడాతో మార్కెట్లోకి వచ్చాయి.

‘బ్యాటిల్‌ఫీల్డ్ 3’ గేమ్‌కు సలహాదారుగా పనిచేసిన బ్రిటిష్ మాజీ కమాండో ఆండీ మెక్‌నాబ్, 2011లో పీటర్ గ్రిమ్స్‌డేల్‌తో కలిసి దాని అనుబంధ నవల ‘ది రష్యన్’ రాశారు. విచిత్రమేమిటంటే, మెక్‌నాబ్ కూడా మారుపేరే.

జపాన్‌లో ‘మెటల్ గేర్ సాలిడ్ 4’ను 2008లో నవలగా మలిచిన రచయిత ప్రాజెక్ట్ ఇతో, ఆ గేమ్ సృష్టికర్త హిదెయో కొజిమాకు వీరాభిమాని. క్యాన్సర్‌తో పోరాడుతూనే ఆ నవల రాశారు. 2009లో, 34 ఏళ్లకే కన్నుమూశారు.