యాభై ఎనిమిదేళ్ళ తర్వాత మాయాబజారు

తెనాలి మీదుగా వచ్చిన రాత్రి బండి సికింద్రాబాదు చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. బండి దిగిన డెబ్భై ఆరేళ్ళ పెద్దావిడ చేతిసంచిలో తమ్ముడి కోసం గోంగూర పచ్చడి సీసా, మరదలికి ఒక నేత చీర, వారి మనుమడికి అరిసెలు ఉన్నాయి. ఇవిగాక ఆమె మనస్సులో ఒక మాట ఉన్నది. దానిని ఆమె 1961 నుండి మోస్తూనే ఉన్నది.

2019లో జరిగిన ఆ ప్రయాణానికి నలుగురికీ చెప్పిన కారణాలు రెండు. చెల్లెలి కూతురు మియాపూరులో ఇల్లు కొనుక్కుని, పెద్దమ్మ వచ్చి చూడలేదని అలిగి కూర్చున్నది. ఆ ఆదివారం సాయంత్రం రవీంద్రభారతిలో సురభి వారి మాయాబజారు ఉన్నదని తమ్ముడు ఫోను చేశాడు. "వస్తావా, అక్కయ్యా? చూసి ఎన్నేళ్ళయిందో!" అన్నాడట. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తప్ప ఆయన ఎన్నడూ అక్కగారిని తనంత తానుగా పిలిచి ఎరుగడు. అందులోనూ నాటకానికి!

బంధువులున్న నగరంలో రెండు రోజులు గడపడం సామాన్యమైన పని కాదు. ఒక ఇంట తిని మరొక ఇంట తినకపోతే తప్పు. మియాపూరులో ఫలహారం, చిక్కడపల్లిలో మేనమామ కొడుకు ఇంట భోజనం, అక్కడికి గంటైనా గడవకముందే ఎదురింటివారి కాఫీ. ఎనభై దాటిన ఆ బావగారికి చెవులు సరిగా వినిపించవు. అయినా మరదలిని చూడగానే చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచారు. ఆ పేరు పెట్టి పిలిచేవారు ఇక లోకంలో మరొకరు లేరు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పి మాట మార్చింది.

అసలు కథకు మూలం సురభి. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా కొందరు 'కీచక వధ' నాటకం ఆడారు. వారు అంతవరకు తోలుబొమ్మలు ఆడించి బ్రతికినవారు. ఆ రోజు బొమ్మలకు బదులు తామే వేషాలు కట్టారు. వనారస గోవిందరావు వ్యవస్థాపకుడుగా మొదలైన ఆ సమాజం కొడుకులూ కోడళ్ళూ మనుమలతో పెరిగి, శాఖలుగా చీలి, తెలుగుదేశమంతా తిరిగింది. మగవారే ఆడవేషాలు వేసే రోజుల్లో తమ ఇంటి ఆడవారిని రంగస్థలం మీదికి తెచ్చిన ఘనత వీరిది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల బిడ్డే. ఇంట్లో వీరు మాట్లాడేది మరాఠీ యాస. రంగం మీద పలికేది స్వచ్ఛమైన తెలుగు. ఈ సంగతి తెలిసిన ప్రేక్షకులు తక్కువ.

సురభి వచ్చిందంటే ఊరి చివర రేకుల షెడ్డు లేచేది. నెలల తరబడి అక్కడే కాపురం, అక్కడే నాటకం. పగలు పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలు రాత్రికి ద్రౌపది. ఉయ్యాల దిగిన పిల్లవాడు బాలకృష్ణుడు.

1961లో తెనాలిలో అలాంటి షెడ్డు వేసినప్పుడు ఈ తమ్ముడికి పదిహేనేళ్ళు. నేల టిక్కెట్టు కొని రోజూ వెళ్ళేవాడు. పాటలకన్నా, పద్యాలకన్నా ఆ కుర్రవాడిని పట్టుకున్నవి తాళ్ళూ, కప్పీలూ. నారదుడు మేఘాల నుండి ఎలా దిగుతున్నాడు? ఎదురెదురుగా వచ్చిన బాణాలు గాలిలో ఎలా ఢీకొని మండుతున్నాయి? అందరూ రంగం మీదికి చూస్తుంటే అతడు రంగం పైకప్పుకేసి చూసేవాడు. మకాం ఎత్తి సమాజం రేపల్లెకు కదిలిన రాత్రి సామాను బండితోబాటు మాయమైపోయాడు. వెళ్ళేముందు అక్కచేత ఒట్టు వేయించుకున్నాడు, నాన్నకు చెప్పనని.

రెండు రోజులు తల్లి అన్నం ముట్టలేదు. మూడవ నాటి ఉదయం అక్క ఒట్టు తప్పింది. తండ్రి రేపల్లె బండెక్కి, సాయంత్రానికి కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో తండ్రి బయటపెట్టలేదు. నింద పక్కింటి కిరాణా కొట్టాయన మీద పడింది. పాపం, ఆయన పోయేవరకు ఆ కుర్రవాడు ఆయన కొట్లో అడుగు పెట్టలేదు. తర్వాత చదువు, విద్యుత్తు శాఖలో ఉద్యోగం, హైదరాబాదు కాపురం. ఉద్యోగ విరమణ వరకు సురభి నాటకం జరిగే దరిదాపులకు కూడా పోలేదు.

మియాపూరు నుండి అసెంబ్లీ స్టేషను వరకు మెట్రో రైలులో వచ్చారు. రైలు ఇళ్ళ మిద్దెల మీదుగా పోతుంటే పెద్దావిడ తమ్ముడి మోచేయి పట్టుకునే కూర్చున్నది. ఠాగూరు శతజయంతి సందర్భంగా 1961లోనే వెలసిన రవీంద్రభారతి మెట్ల మీద ఆ సంవత్సరం మాట ఎవరో ఎత్తగా, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక్కసారిగా ఊరుకున్నారు.

తెర లేచింది. రంగురంగుల పరదాలు కన్నుమూసి తెరిచేలోగా మారుతున్నాయి. ద్వారక పోయి అడవి, అడవి పోయి ఘటోత్కచుని నెలవు. ఈ కాలపు పిల్లవాడు, తెల్లవార్లూ ఫోనులో బొమ్మలు చూసేవాడు, మంటల నడుమ ఘటోత్కచుడు ప్రత్యక్షమయ్యేసరికి తాతగారి ఒళ్ళోకి జరిగాడు. తీగ కనిపిస్తూనే ఉన్నది. కనిపిస్తున్నా నమ్మబుద్ధి వేస్తుంది; సురభి వారి విద్య అదే కాబోలు.

విశ్రాంతి సమయంలో పిల్లవాడు నానమ్మతో ఐస్‌క్రీముకు వెళ్ళాడు. పెద్దావిడ తమ్ముడి వైపు తిరగకుండానే అన్నది: "ఒరేయ్, నాన్నకు చెప్పింది ఆ కొట్టాయన కాదురా. నేనే."

ఆయన చాలాసేపు పలకలేదు. చేతిలోని టిక్కెట్టు ముక్కను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"అక్కయ్యా, వెళ్ళిన మర్నాడే నాకు ఇంటికి రావాలనిపించింది," అన్నాడు చివరకు. "వాళ్ళు బాగానే చూశారు. మీ నాన్నగారికి తెలుసా బాబూ అని అడిగారు కూడా. తెలుసని అబద్ధం చెప్పాను. రాత్రి పరదాల కట్టల మీద పడుకుని ఏడ్చాను. బండి చార్జీకి డబ్బుల్లేవు. షెడ్డు గుమ్మంలో నాన్న కనిపించేసరికి ప్రాణం లేచి వచ్చింది."

ఆమెకు మొదట వచ్చింది కోపం. "మరి ఇన్నేళ్ళూ నాన్న లాక్కొచ్చి నీ బ్రతుకు పాడు చేశాడనేగా చెప్పుకున్నావు!"

"భయపడి వచ్చేశానని చెప్పుకోమంటావా?"

ఆమె నవ్విందో, ఏడ్చిందో పక్కవారికి తెలియలేదు. "ఆ కొట్టాయన..." అని మాత్రం అన్నది. ఆయన తల వంచుకున్నాడు.

మనుమడు పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దరి నడుమ కూర్చున్నాడు. గంట మ్రోగింది. దీపాలు ఆరాయి. చీకటిలో తమ్ముడు ఒక చేత్తో మనుమడిని దగ్గరికి తీసుకుని, అక్కగారి వైపు వంగి చెప్పాడు: "ఇప్పుడు పైకి చూడండి. ఎడమవైపు తాడు లాగుతారు. మేఘం కదులుతుంది."