అతిథికంటె ముందు గర్భిణికి వడ్డన

అతిథిని దైవంగా భావించి, ఆయన భుజించిన తరువాతనే గృహస్థు భుజించాలన్నది మన సంప్రదాయం. ఆ నియమాన్ని అంత గట్టిగా చెప్పిన మనుస్మృతే తృతీయాధ్యాయంలో దానికొక మినహాయింపును కూడ ఇచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగానే, ఏ సంకోచమూ లేకుండా అన్నం పెట్టాలని ఆ మాటకు అర్థం. ఆపస్తంబ ధర్మసూత్రం కూడ గృహస్థు తాను విస్తరి ముందు కూర్చొనేలోగా బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు భుజించి ఉండాలని చెబుతున్నది. తెలుగునాట వైదిక కర్మలలో ఆపస్తంబుని అనుసరించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఈ ఒక్క సూత్రం అమలవుతున్న ఇళ్ళెన్ని అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి తలక్రిందులు. మగవారు, పిల్లలు, అత్తమామలు, వచ్చిన చుట్టాలు భోంచేసిన తరువాత కోడలు కూర్చుంటుంది. అప్పటికి అన్నం మిగిలి ఉంటుంది, చారు మిగిలి ఉంటుంది. పప్పు, కూర అడుగంటి ఉంటాయి. ఆమె గర్భవతి అయినా ఈ వరుస మారదు. ఎవరూ ఆమెను ఆకలితో ఉంచాలని కోరరు. అది అలవాటు, అంతే. ఆ అలవాటు ఫలితం రక్తంలో కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఇందుకు మినహాయింపు కావు.

గర్భధారణ కాలంలో స్త్రీ శరీరంలో రక్తపు పరిమాణం సుమారు సగం మేర పెరుగుతుంది. ఆ పెరిగే రక్తానికి ఇనుము కావాలి. గర్భస్థ శిశువుకూ కావాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని, 7 గ్రాములకు తగ్గితే తీవ్రమైనదని వైద్యులు లెక్కిస్తారు. ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం దీని పైపై లక్షణాలు మాత్రమే. అసలు ప్రమాదం ప్రసవ సమయంలో ఉన్నది. ఆరోగ్యవంతురాలు తట్టుకోగలిగిన రక్తస్రావమే రక్తహీనత ఉన్న తల్లికి ప్రాణాంతకం కావచ్చు. నెలలు నిండకుండానే కాన్పు కావడానికి, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికి కూడ ఇది ఒక కారణం.

కడుపుతో ఉన్నవారు ఇద్దరి తిండి తినాలని కొందరు, ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మరికొందరు చెబుతుంటారు. రెండూ సరికాదు. నాలుగవ నెల నుండి గర్భిణికి రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి లెక్క. ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు, ఒక అరటిపండు కలిపితే దాదాపు అంతే. ఇది భారమైనది కాదు, ఖరీదైనదీ కాదు. కాని ఇది ప్రతిదినమూ అందాలి. బిడ్డ చిన్నదిగా ఉండాలని తల్లి కడుపు మాడ్చుకోవడం మాత్రం ఎంతమాత్రమూ తగదు.

చరకసంహిత శారీరస్థానంలో గర్భిణికి నెలనెలా ఇవ్వవలసిన ఆహారం వివరించబడింది. మొదటి నెలలో కాచి చల్లార్చిన పాలు, మూడవ నెలలో తేనె, నేయి కలిపిన పాలు, నాలుగవ నెలలో పాలతో వెన్న – ఇలా సాగుతుంది ఆ క్రమం. పాలలో మాంసకృత్తులు, కాల్షియం, బి12 విటమిన్ ఉన్నాయి గనుక ఈనాటి పోషకాహార శాస్త్రమూ పాలను మెచ్చుకుంటుంది. అయితే ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. పాలలో ఇనుము దాదాపు లేదు. రోజూ రెండు పూటలా పాలు తాగుతున్నది కదా అని కోడలికి ఆకుకూర వడ్డించడం మరచిపోయే ఇళ్ళను ఉద్దేశించి ఈ మాట చెప్పవలసి వస్తున్నది.

ఇనుము కోసం తోటకూర, మునగాకు, శనగలు, అలసందలు, సజ్జలు, నువ్వులు ఉన్నాయి. శాకాహారంలోని ఇనుము శరీరానికి అంత సులభంగా పట్టదు. దానికి పులుపు తోడు కావాలి. తోటకూర పప్పు మీద నిమ్మరసం పిండుకోవడం, ఉసిరికాయ పచ్చడి ఒక ముద్ద కలుపుకోవడం, భోజనానంతరం ఒక జామకాయ తినడం – ఇవన్నీ ఆ తోడే. కాఫీ, టీలు ఇందుకు విరుద్ధంగా పనిచేస్తాయి. భోజనానికి ముందూ వెనుకా గంటసేపు వాటిని దూరంగా ఉంచాలి. కాల్షియం కోసం రాగిజావ, మజ్జిగ మంచివి.

ఎంత శ్రద్ధగా తిన్నప్పటికీ ఆహారం ఒక్కటే ఈ లోటును పూరించలేదు. అందుకే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు మాత్రలు ఉచితంగా ఇస్తారు. మొదటి మూడు నెలలూ ఫోలిక్ ఆమ్లం, నాలుగవ నెల నుండి 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, ప్రసవానంతరం మరి 180 రోజులు వాడాలి. శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలలోనే మూసుకొంటుంది. కనుక బిడ్డను కోరుకొనేవారు గర్భం రాకమునుపే వైద్యుల సలహాతో ఫోలిక్ ఆమ్లం ప్రారంభించడం ఉత్తమం. ఇనుము మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, కొందరికి వికారం, మలబద్ధకం కలుగుతాయి. ఇది చూసి భయపడి, లేదా బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అంటే విని, మాత్రలను డబ్బాలోనే దాచేవారున్నారు. బిడ్డ రంగుకు ఇనుముతో సంబంధం లేదు, కుంకుమపువ్వుతోనూ లేదు. మాత్రను పాలతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకోరాదు. రెండింటికీ వేరువేరు వేళలు పెట్టుకోవాలి.

గర్భిణి కోరికను తీర్చాలంటారు పెద్దలు. సుశ్రుతుడు నాలుగవ నెలలో శిశువు హృదయం వ్యక్తమవుతుందని, అప్పుడు తల్లి రెండు హృదయాలు గలదై ‘దౌహృదిని’ అవుతుందని చెప్పాడు. ఉత్తరకాండలో శ్రీరాముడు గర్భవతి అయిన సీతమ్మను ఏమి కావాలని అడిగితే, గంగాతీరంలోని మునుల ఆశ్రమాలను చూడాలని ఉన్నదన్నది ఆ తల్లి. పుట్టింటివారు తెచ్చే చలిమిడి వెనుకనూ ఈ ఆదరమే ఉన్నది. కాని బలపాలు, మట్టి, బొగ్గు, పచ్చి బియ్యం తినాలనిపిస్తే దానిని ముచ్చటగా భావించి ఊరుకోరాదు. అది చాలాసార్లు రక్తంలో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

ఇక వ్రతోపవాసాల సంగతి. కార్తీక సోమవారం నాడు నీళ్ళు కూడ ముట్టకుండా, చంటిబిడ్డను చంకనెత్తుకొని, కడుపులో మరొక బిడ్డతో దర్శనం వరుసలో నిలబడిన తల్లులు మనకు కనిపిస్తారు. వారి భక్తి గొప్పదే. కాని శాస్త్రం వారిని ఇది కోరలేదు. సుశ్రుతసంహిత గర్భిణి మానవలసిన వాటిలో శరీరాన్ని శుష్కింపజేసే ఉపవాసాన్ని, రాత్రి జాగరణను స్పష్టంగా చేర్చింది. అంటే ఏకాదశి ఉపవాసమూ, శివరాత్రి జాగరమూ రెండూ ఆమెకు వర్జ్యాలే. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఔషధం – ఈ ఎనిమిదింటివల్ల వ్రతభంగం కాదని మహాభారతం చెబుతున్నది. కనుక ఇనుము మాత్ర వేసుకుంటే వ్రతం చెడుతుందన్న సందేహం అక్కరలేదు. పట్టిన వ్రతాన్ని తప్పనిసరిగా నడిపించవలసి ఉంటే, భర్తను గాని మరొకరిని గాని ప్రతినిధిగా ఉంచి ఉపవాసం చేయించే వెసులుబాటు వ్రతగ్రంథాలలోనే ఉన్నది. ఏ మామగారో ఆ ఉపవాసం స్వీకరిస్తే మరీ సంతోషం!

ప్రసాదం విషయంలోనూ ఒక సూచన. గర్భధారణ సమయంలో కొందరికి మధుమేహం వస్తుంది. అది పైకి కనిపించదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తరువాత చేసే రక్తపరీక్షలో 140 లేక అంతకంటె ఎక్కువ ఉంటే ఉన్నట్లు లెక్క. అటువంటివారు చక్కెరపొంగలిని, లడ్డూను కళ్ళకద్దుకొని కొద్దిగా నోట వేసుకుంటే చాలును.

క్షేత్రదర్శనానికి రావాలనుకొనే గర్భిణులు మొదట తమ వైద్యుని అడగాలి. ఇబ్బందులేవీ లేనివారికి నాలుగు నుండి ఆరు నెలల మధ్యకాలం ప్రయాణానికి కొంత అనుకూలం. నూనె నిండుగా పోసిన పాత్రను తొణకకుండా మోసినట్లు గర్భిణిని చూసుకోవాలన్నాడు చరకుడు. కొండమెట్లు, తొక్కిసలాట, పాచిపట్టిన కోనేటి మెట్లు ఆ పాత్రకు తగిన చోట్లు కావు. పుణ్యతీర్థాన్ని శిరస్సుపై చల్లుకొన్నా చాలు. మరొక ముఖ్యవిషయం. వరుసలో మరుగుదొడ్డికి వెళ్ళే వీలుండదని చాలామంది స్త్రీలు ఉదయం నుండి నీరే తాగరు. గర్భిణికి ఇది మూత్రవ్యాధులను, జ్వరాన్ని తెచ్చిపెడుతుంది. నీరు తాగాలి, అవసరమైనప్పుడు వరుస నుండి బయటకు రావాలి. తోటి భక్తులు దారి ఇవ్వాలి, తిరిగి వచ్చినప్పుడు ఆమె స్థానం ఆమెకు ఇవ్వాలి. మాతాశిశు సంరక్షణ కార్డు వెంట ఉండాలి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, చూపు మసకబారేటంత తలనొప్పి, ముఖం వాపు, మూర్ఛ, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం – వీటిలో ఏది కనిపించినా దర్శనం తరువాత చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేయాలి.

అన్నదానానికి విరాళమిచ్చే దాతలకు ఒక మనవి. మీ పేరున వడ్డన జరిగేనాడు మీరు సత్రంలో ఉంటే, పంక్తిలో గర్భిణులెవరో చూసి మొదటి విస్తరి వారికి వేయించండి. పప్పు మరొక గరిటె, నిమ్మచెక్క ఒకటి అడగకముందే పడితే ఇంకా మంచిది.

భర్తలకు శాస్త్రం విధించిన నియమాలూ ఉన్నాయి. భార్య గర్భవతిగా ఉండగా, ముఖ్యంగా నెలలు నిండుతున్నప్పుడు, భర్త క్షౌరాన్ని, తీర్థయాత్రను మానుకోవాలని పెద్దలు చెబుతారు. దూరప్రయాణాలు మాని అతడు ఇంటివద్దనే, ఆమెకు అందుబాటులో ఉండాలన్నది అందులోని ఆంతర్యంగా తోస్తుంది. మొక్కుకొన్న తలనీలాల గురించి బెంగ అక్కరలేదు. బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి ముగ్గురూ కలిసి వచ్చినప్పుడు తండ్రి తన మొక్కును కూడ అప్పుడే చెల్లించుకోవచ్చును.