వాల్వు ప్రీ ఆంప్‌లో రొద తగ్గేదెలా?
ఎర్త్ పిన్ను తీస్తే ప్రాణాపాయం.. మార్పులు మొదటి మెట్టు వద్దే

ఒక మంచి మైకు, కంప్యూటరు ఉంటే హరికథనైనా, బుర్రకథనైనా నేడు ఇంటి గదిలోనే రికార్డు చేసుకోవచ్చు. గొంతుకు నిండుదనం వస్తుందన్న ఉద్దేశంతో కొందరు వాల్వులతో పనిచేసే మైక్ ప్రీ ఆంప్లిఫయరు కిట్లను తెప్పించి స్వయంగా బిగించుకుంటున్నారు. అయితే బిగింపు పూర్తయి హెడ్‌ఫోన్ పెట్టుకోగానే పాటకన్నా ముందు ఝుంకారం, బుసబుస వినిపించడం పరిపాటి. దానిని పోగొట్టేందుకు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసివేసేవారూ ఉన్నారు. లోపల 250 వోల్టులకు పైబడిన డీసీ విద్యుత్తు ఉండే పెట్టె విషయంలో ఇది ప్రాణాంతకం. ఎర్త్ జోలికి పోకుండానే రొదను తగ్గించుకునే మార్గాలు అనేకం ఉన్నాయి.

రికార్డు చేసిన తరువాత సాఫ్ట్‌వేరుతో శుభ్రం చేసుకోవచ్చునన్న ధీమా పనికిరాదు. కరెంటు వల్ల వచ్చే ఝుంకారం 50, 100, 150 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. తంబురా శ్రుతి, పురుషుల మంద్రస్థాయి గాత్రం కూడా ఇంచుమించు ఆ ప్రాంతంలోనే పలుకుతాయి. ఒకదానిని తీసివేస్తే రెండోదానికీ నష్టం తప్పదు. వృద్ధ కళాకారులు పాడిన పాటను మళ్లీ పాడించే అవకాశం అన్నివేళలా ఉండదు కనుక, రొదను పుట్టిన చోటే అరికట్టడం మేలు.

మొదటి మెట్టే కీలకం

సాధారణ డైనమిక్ మైకు ముందు ఒక అడుగు దూరంలో మాట్లాడితే వచ్చే విద్యుత్తు ఒక మిల్లీవోల్టులో పదోవంతు, రెండు పదోవంతులు మాత్రమే. దానిని రికార్డింగుకు అనువైన ఒక వోల్టు స్థాయికి తేవాలంటే కొన్ని వేల రెట్లు పెంచాలి. మొదటి వాల్వు వద్ద చేరిన రొద కూడా అన్నే రెట్లు పెరుగుతుంది. చివరి మెట్టులో అంతే రొద చేరినా చెవికి ఆనదు. అందువల్ల డబ్బు, శ్రమ మొదటి వాల్వు చుట్టూ వెచ్చించాలి.

రొదను పూర్తిగా సున్నా చేయడం ఎవరివల్లా కాదు. ఏ రెసిస్టరులోనైనా వేడిమి వల్ల ఎలక్ట్రాన్లు కదలాడుతూ స్వల్ప విద్యుత్తును పుట్టిస్తాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్సన్, నైక్విస్ట్ ఈ విషయాన్ని 1928లో కొలిచి, వివరించారు. ఆ లెక్క ప్రకారం 150 ఓమ్‌ల మైకు తనంతట తానే 20 కిలోహెర్ట్జ్‌ల పరిధిలో సుమారు 0.22 మైక్రోవోల్టుల రొదను ఇస్తుంది. ప్రీ ఆంప్ దీనికి తన వంతుగా ఎంత తక్కువ కలిపితే అంత మంచిది.

రొద ఏ రకమో గుర్తించాలి

మైకు తీసివేసి, ఎక్స్‌ఎల్ఆర్ సాకెట్టులోని 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టరు కలిపి వినాలి. లోతైన ఝుంకారం వినిపిస్తే అది 50 హెర్ట్జ్‌లది. ఫిలమెంటు ఏసీ, ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రం, గ్రౌండు తీగల అమరిక దీనికి కారణాలు. కొంచెం గరుకుగా, పై స్థాయిలో వినిపిస్తే అది 100 హెర్ట్జ్‌లది. హైటెన్షన్ డీసీ సరఫరాలో వడపోత చాలలేదని దాని అర్థం. ఎడతెగని బుసబుస రెసిస్టర్లది లేదా వాల్వుది. చిటపటలు వస్తే సరిగా పట్టని సాల్డరింగును, వదులైన వాల్వు బేసును, పాడైన ప్లేటు రెసిస్టరును అనుమానించాలి. గాజుపై పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు గంటలా మోగితే వాల్వు మార్చవలసిందే.

మార్పులన్నీ ఒకేసారి చేయరాదు. ఒక్కో మార్పు తరువాత గెయిన్ అదే స్థానంలో ఉంచి, అరనిమిషంపాటు నిశ్శబ్దాన్ని రికార్డు చేసి కంప్యూటరు మీటరులో అంకె రాసుకోవాలి. అంకె 6 డెసిబెల్‌లు దిగితే రొద వోల్టేజీ సగమైనట్లు లెక్క.

ఫిలమెంటుకు డీసీ

ఎక్కువ కిట్లలో ఉండే 12ఏఎక్స్7 వాల్వుకు 12.6 వోల్టుల వద్ద 150 మిల్లీఆంపియర్ల ఫిలమెంటు విద్యుత్తు కావాలి. దీనికి నేరుగా ఏసీ ఇస్తే 50 హెర్ట్జ్‌ల ఝుంకారం క్యాథోడులోకి పాకుతుంది. అనుమానం తీర్చుకునే ఉపాయం ఒకటుంది. ఫిలమెంటు ఏసీ తీగలను విప్పి, ఆ స్థానంలో 12 వోల్టుల బ్యాటరీని తాత్కాలికంగా తగిలించి, దాని నెగెటివును గ్రౌండుకు కలపాలి. ఝుంకారం మాయమైతే దోషం ఫిలమెంటుదే.

శాశ్వత పరిష్కారంగా 15 వోల్టుల వైండింగు నుంచి బ్రిడ్జి రెక్టిఫయరు, 4,700 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, 7812 రెగ్యులేటరు ద్వారా 12 వోల్టుల డీసీ ఇవ్వవచ్చు. 12.6కు బదులు 12 వోల్టులు వాల్వుకు అనుమతించిన పరిధిలోనివే. రెండు వాల్వులుంటే రెగ్యులేటరు వేడెక్కుతుంది కనుక హీట్‌సింకు తప్పనిసరి. ఏసీతోనే కొనసాగించేవారు రెండు తీగలను గట్టిగా మెలివేసి పెట్టె మూలల వెంట తీసుకువెళ్లాలి. ఫిలమెంటు సరఫరాను గ్రౌండు కన్నా 30 నుంచి 50 వోల్టులు పైన నిలిపినా ఝుంకారం గణనీయంగా తగ్గుతుంది.

హైటెన్షన్ వడపోత

మొదటి వాల్వుకు వెళ్లే దారిలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, దాని తరువాత గ్రౌండుకు 22 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ అదనంగా చేర్చాలి. ఆ కెపాసిటర్ 100 హెర్ట్జ్‌ల వద్ద సుమారు 72 ఓమ్‌ల అడ్డంకి మాత్రమే చూపుతుంది. ఫలితంగా అలలు దాదాపు 140వ వంతుకు తగ్గిపోతాయి. రెండు మిల్లీఆంపియర్ల వాడకానికి కోల్పోయేది 20 వోల్టులే. కెపాసిటర్ 400 లేదా 450 వోల్టులది కావాలి.

రెసిస్టర్ల మార్పు

పాతరకం కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లలో డీసీ ప్రవహించినప్పుడు వేడిమి రొదకు తోడు అదనపు రొద పుడుతుంది. ప్లేటు వద్ద ఉండే 100 కిలో ఓమ్‌ల రెసిస్టరుపై సుమారు 100 వోల్టులు నిలుస్తాయి కనుక అక్కడ ఈ దోషం అధికం. దాని స్థానంలో ఒక వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టరు వేయాలి. క్యాథోడు రెసిస్టరునూ అలాగే మార్చాలి.

గ్రిడ్డుకు వరుసలో వేసే రెసిస్టరు విషయంలో మరింత శ్రద్ధ అవసరం. గిటారు ఆంప్లిఫయర్ల నమూనాను అనుసరించి కొన్ని నిర్మాణాల్లో ఇక్కడ 68 కిలో ఓమ్‌లు కనిపిస్తాయి. ఆ ఒక్క రెసిస్టరే 4.7 మైక్రోవోల్టుల రొదను కలుపుతుంది. దానిని ఒక కిలో ఓమ్‌కు తగ్గిస్తే రొద 0.6 మైక్రోవోల్టులకు దిగుతుంది. రూపాయల్లో తేలిపోయే ఈ మార్పు ఫలితం మాత్రం వెంటనే చెవికి తెలుస్తుంది.

ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, వాల్వు ఎంపిక

మైకుకు, వాల్వుకు మధ్య 1:10 నిష్పత్తి గల ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటే మైకు సంకేతం పది రెట్లవుతుంది. మైకు సొంత రొద కూడా 2.2 మైక్రోవోల్టులకు చేరుతుంది. మంచి వాల్వు రొద ఒక మైక్రోవోల్టు ప్రాంతంలోనే ఉంటుంది కనుక అది దీని చాటున మరుగుపడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు లేని కిట్లలో పరిస్థితి తారుమారై వాల్వు బుసే పైచేయి అవుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మరును పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు వీలైనంత దూరంగా ఉంచి, హెడ్‌ఫోన్‌లో వింటూ మెల్లగా తిప్పి చూసి, ఝుంకారం అతి తక్కువగా ఉన్న కోణంలో బిగించాలి. పవర్ సరఫరాను వేరే పెట్టెలో పెట్టడం ఇంకా ఉత్తమం.

ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వులను తయారుచేసేది. ప్రస్తుతం దొరికే కొత్త వాల్వులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాలవి. ఒకే పేరున్న వాల్వుల్లోనూ రొద తేడాగా ఉంటుంది. మూడు నాలుగింటిని మార్చి చూసి, నిశ్శబ్దమైనదానిని మొదటి స్థానంలో, మిగిలినవాటిని తరువాతి స్థానాల్లో పెట్టుకోవాలి. ఈసీసీ88 వాల్వు రొద తక్కువదే అయినా దాని ఫిలమెంటు అమరిక, పనిచేసే వోల్టేజి వేరు. కనుక 12ఏఎక్స్7 బేసులో నేరుగా గుచ్చరాదు. రెసిస్టర్లు, కెపాసిటర్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి విడిభాగాల బజార్లలో లభిస్తాయి.

ఎర్త్ జోలికి పోవద్దు

కంప్యూటరుకు కలపగానే ఝుంకారం మొదలైతే అది గ్రౌండు లూపు. దీనికి ఎర్త్ పిన్ను తీసివేయడం పరిష్కారం కాదు. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే, ఎర్త్ లేని పెట్టె లోహపు తొడుగుకు, దాని ద్వారా మైకు పట్టుకున్న గాయకుడి చేతికి కరెంటు చేరుతుంది. రెండు పరికరాలను ఒకే ప్లగ్గుబోర్డు నుంచి నడపాలి. అప్పటికీ తగ్గకపోతే ప్రీ ఆంప్ అవుట్‌పుట్‌కు, కంప్యూటరుకు మధ్య 1:1 ఐసొలేషన్ ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. లోపలి ఆడియో గ్రౌండు తీగలన్నింటినీ ఒకచోటికి చేర్చి, ఇన్‌పుట్ సాకెట్టు సమీపంలో ఒకే బిందువు వద్ద పెట్టెకు కలపాలి. ప్లగ్గు నుంచి వచ్చే ఎర్త్ వైరును మాత్రం పెట్టెకు వేరే బోల్టుతో గట్టిగా బిగించాలి.

విప్పే ముందు..

ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. ప్రధాన కెపాసిటర్‌కు అడ్డంగా 220 కిలో ఓమ్‌ల, రెండు వాట్ల రెసిస్టరు శాశ్వతంగా ఉంచితే, మొత్తం కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్‌లున్నా సుమారు రెండు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. అయినా మీటరుతో కొలిచి, 10 వోల్టుల లోపు ఉందని నిర్ధారించుకున్నాకే చేయి పెట్టాలి. కరెంటు ఉండగా కొలవవలసి వస్తే ఒక చేతినే వాడాలి. హైటెన్షన్ పనిలో అనుభవం లేనివారు పాత రేడియో మెకానిక్కును వెంట ఉంచుకోవడం మంచిది. ఇంటి ప్లగ్గులో ఎర్త్ సరిగా ఉందో లేదో ముందుగా ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకున్న తరువాతే ఈ మార్పులకు పూనుకోవాలి.